అడవిలో రాతి ఊరు ఎవరిదర్రా?

హిందూ మహాసముద్రానికి అవతలి గట్టున, కెన్యా తీరంలో, మాలింది అని ఒక పాత రేవు పట్నం ఉందర్రా. అక్కణ్ణించి దక్షిణంగా ఓ 16 కిలోమీటర్లు పోతే దట్టమైన చెట్ల మధ్య రాతి గోడలు మొదలవుతాయి. మసీదులు, ఒక మహలు, ఇళ్లు, ఇరుకు సందులు, బావులు, సమాధులు. పైకప్పులూ మనుషులూ తప్ప ఊరికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఊరి పేరు గెడి. చుట్టూ తొమ్మిదడుగుల ఎత్తు ప్రహరీ, దాని లోపల 45 ఎకరాల నేల. గోడల పక్కన లేచిన చెట్లలో లావాటి బావోబాబులున్నాయి. హైదరాబాదు గోల్కొండ నయా ఖిల్లాలో ‘హతియన్ కా ఝాడ్’ అని చూపిస్తారే, అదే జాతి. అది కూడా ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చిన చెట్టే.

ఈ ఊరు 12వ శతాబ్దం నాటికే ఉంది. 15వ శతాబ్దంలో బాగా బతికింది. 17వ శతాబ్దం మొదట్లో ఖాళీ అయిపోయింది. ఆశ్చర్యమేమిటంటే, ఊరు బతికున్న రోజుల్లో దీని గురించి ఎవరూ ఒక్క ముక్క రాసిపెట్టలేదు. వాస్కో డ గామా 1498 ఏప్రిల్‌లో మాలిందిలో ఆగాడు. అక్కడే దారి తెలిసిన నావికుణ్ణి ఓడ ఎక్కించుకుని మన కాలికట్‌కి వచ్చాడు. ఆ తర్వాత పోర్చుగీసువాళ్లు దాదాపు వందేళ్లు మాలిందిని పట్టుకునే ఉన్నారు. ఉత్తరాలు రాశారు, జమాఖర్చులు రాశారు, ప్రయాణాల సంగతులు రాశారు. ఒక పూట నడకలో ఉన్న గెడి మాత్రం వాటిల్లో ఎక్కడా లేదు.

కాబట్టి గెడి గురించి మనకు తెలిసిందంతా మట్టి చెప్పిందే. పెంకు ముక్కను, పూసను, సున్నాన్ని, బావిని, ఎముకను అడిగి తెలుసుకున్నదే. నాకు ఈ ఊరంటే అందుకే అంత ఇష్టం. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ చేతిలో లేకుండా ఒక ఊరి చరిత్ర ఎలా రాయొచ్చో ఇక్కడ చూడొచ్చు. ఆ రాయడంలో ‘ఈ ఊరు ఎవరిది’ అన్న దగ్గరే మొదట ఒక పెద్ద తప్పు దొర్లింది. ఆ తప్పును దిద్దింది కూడా మట్టే.

బయటివాళ్లకు ఈ శిథిలాల సంగతి తెలిసింది 1884లో, జాంజిబార్‌లో బ్రిటిషు ప్రతినిధిగా ఉన్న సర్ జాన్ కిర్క్ వచ్చి చూసినప్పుడు. చుట్టుపక్కల పల్లెల్లోని గిరియామా జనానికి అంతకు ముందునుంచే తెలుసు. 1927లో ప్రభుత్వం దీన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. 1948లో జేమ్స్ కిర్క్‌మన్ అనే పురావస్తు శాస్త్రవేత్త వచ్చి, 1958 దాకా ఇక్కడ తవ్వించాడు. ఒక్కో ఇంటికీ అందులో దొరికిన వస్తువు పేరే పెట్టాడు. గవ్వల ఇల్లు, కత్తెర ఇల్లు, దంతపు పెట్టె ఇల్లు, పింగాణీ గిన్నె ఇల్లు, వెనిస్ పూస ఇల్లు, ఇనప దీపం ఇల్లు, చైనా కాసుల ఇల్లు. ఆ ఇనప దీపం మన దేశం నుంచి పోయినదే. కత్తెర స్పెయిన్‌దంటారు. ఇంట్లో ఎవరున్నారో తెలియనప్పుడు, వాళ్లు వదిలేసి వెళ్లిన వస్తువుతో ఆ ఇంటిని పిలవడం నాకు చాలా మర్యాదైన పనిగా తోస్తుంది.

తవ్వడమంటే గునపం పట్టుకుని గుంట తీయడం కాదు. మన పల్లెల్లో పాటిమన్ను తోలడం మీ పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఏనాడో జనం ఉండి వెళ్లిపోయిన దిబ్బ మీది మట్టి బూడిద రంగులో సత్తువగా ఉంటుందని బళ్ల మీద పొలాలకు తోలుకునేవాళ్లు. ఆ దిబ్బను నిలువుగా కోసిన చోట చూస్తే చారలు చారలుగా కనిపిస్తుంది. ఒక చారలో బూడిద, ఒక చారలో కుండపెంకులు, మరోచోట గట్టిపడ్డ అలుకు నేల. అడుగుది పాతది, పైది కొత్తది. గెడి నేల కూడా అలాంటిదే. కిర్క్‌మన్ ఒక్కో పొరను విడదీసి, ఏ పొరలో ఏ రకం పెంకులున్నాయో విడివిడిగా లెక్క కట్టించాడు. దీంతో ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. ఏ సంవత్సరమో మాత్రం తెలియదు. అది తెలియాలంటే ఎక్కడో ఒకచోట తేదీ దొరకాలి.

గెడిలో ఆ తేదీ ఒక సమాధి మీద దొరికింది. అరబీ లిపిలో హిజ్రీ 802 అని ఉంది. హిజ్రీ లెక్క 622లో మొదలైంది కాబట్టి 802కి 622 కలిపితే 1424 అని మీరు గబుక్కున చెప్పేస్తారు. కాదు. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుడితో నడుస్తుంది. పన్నెండు చాంద్రమాసాలంటే సుమారు 354 రోజులే. మన పంచాంగమూ చాంద్రమానమే గానీ, మనవాళ్లు రెండు మూడేళ్లకోసారి అధికమాసం వేసి సూర్యుడితో సరిచేస్తారు. అందుకే ఉగాది ఎప్పుడూ మామిడి పిందెల కాలంలోనే వస్తుంది. హిజ్రీలో అధికమాసం లేదు. కాబట్టి రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒకప్పుడు ఎండల్లో, ఒకప్పుడు చలిలో వస్తుంది. ఈ లెక్కన 33 హిజ్రీ ఏళ్లు గడిస్తే మన క్యాలెండరులో సుమారు 32 ఏళ్లే గడుస్తాయి. 801 హిజ్రీ ఏళ్లు నిండేసరికి మనకు గడిచేవి 777. ఇప్పుడు 622 జూలై నుంచి 777 లెక్కపెట్టండి. 1399 వస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులోనే హిజ్రీ 802 మొదలైంది.

ఆ సమాధి కట్టకముందే నేలలో ఉన్న పెంకులు 1399 కన్నా పాతవి. కట్టాక చుట్టూ చేరినవి అంతకన్నా కొత్తవి. ఒక్క తేదీ ఆధారంగా కింది పొరలూ పై పొరలూ వాటి వాటి కాలాల్లో కుదురుకున్నాయి. ఊళ్లోని మిగతా చోట్ల అదే రకం పెంకు కనబడితే, అక్కడి పొర వయసూ తెలిసినట్టే.

దీనికి చైనా పింగాణీ మరో సాక్ష్యం. లాంగ్‌చువాన్ కొలిముల్లో తయారైన లేతపచ్చ సెలడాన్ గిన్నెలు కింది పొరల్లో, మింగ్ వంశపు నీలి తెలుపు గిన్నెలు పై పొరల్లో వస్తాయి. ఏ కొలిమి ఏ కాలంలో ఏ వాటం గిన్నెలు చేసిందో చైనాలో తవ్వకాల వల్ల బాగా తెలుసు. కుమ్మరి చేతి మోజు తరానికోసారి మారుతుంది కాబట్టి గిన్నె అంచు చూసి కాలం చెప్పేవాళ్లున్నారు. నాణేలతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చైనా కాసుల ఇంట్లో దొరికిన రెండు రాగి కాసులూ సాంగ్ చక్రవర్తుల కాలం నాటివి, 13వ శతాబ్దం అటూ ఇటూ. అంతమాత్రాన ఇల్లు 13వ శతాబ్దానిది అనలేం. నాణెం వందేళ్లు చేతులు మారుతుంది, ఇంకో వందేళ్లు మూలన పడి ఉంటుంది. నాణెం చెప్పగలిగేది ఒకటే: తను పుట్టకముందు ఈ నేల పరిచి ఉండదు. పింగాణీ గిన్నె అయితే పగిలిపోతుంది, పగిలిన వెంటనే పెంటలోకి పోతుంది. అందుకే తేదీ చెప్పడంలో నాణెం కన్నా పగిలిన గిన్నే ఎక్కువ నమ్మకమైన సాక్షి.

ఇప్పుడు ఒక ఇంట్లోకి వెళ్దాం. రండి.

గోడ రాయి దగ్గరగా చూస్తే చిన్న చిన్న గూళ్లు కనిపిస్తాయి. అది పగడపు రాయి. ఆ తీరమంతా ఒకప్పుడు సముద్రం కింద ఉన్న పగడపు దిబ్బ. లక్ష ఏళ్లకు పైగా కిందట సముద్ర మట్టం ఇప్పటికన్నా ఎత్తున ఉన్నప్పుడు పెరిగి, నీళ్లు వెనక్కి పోయాక ఎండి సున్నపురాయిలా మిగిలింది. ఊరివాళ్లు దాన్ని కొట్టి గోడలు కట్టారు. అదే పగడాన్ని కట్టెల మీద పేర్చి కాల్చి సున్నం చేశారు. బాగా కాగినప్పుడు అందులోంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది, సున్నం మిగులుతుంది. నీళ్లు చల్లి, ఇసుకతో కలిపి గోడకు పూస్తే అది గాలిలోంచి మళ్లీ అదే వాయువును పీల్చుకుని నెమ్మదిగా రాయి అవుతుంది. కొలిమిలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుంటుందన్నమాట. ఇక సన్నటి చెక్కడాలకు సముద్రంలోంచి పచ్చి పగడాన్ని కోసి తెచ్చేవాళ్లు. నీళ్లలోంచి తీసిన కొత్తలో అది మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, ఆరాక గట్టిపడుతుంది.

గదులు చూడండి, పొడుగ్గా సన్నగా ఉన్నాయి. పొడుగు ఎంతైనా వెడల్పు మాత్రం రెండున్నర, మూడు మీటర్లు దాటదు. డబ్బు లేక కాదు, దూలాల వల్ల. కప్పుకు వాడింది మడచెట్ల దుంగలు. దగ్గర్లోనే మీడా అనే ఉప్పుటేరు ఉంది, మన కోరంగిలో ఉన్నట్టు అక్కడా మడ అడవి. మడదుంగ నిటారుగా, చెదలు పట్టకుండా, ఇనుములా ఉంటుంది గానీ పొడవు తక్కువ. పైగా దాని మీద రాయీ సున్నమూ కలిపిన బరువైన కప్పు పరవాలి. దూలం పొడవు రెట్టింపు చేస్తే దాన్ని వంచే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకని ఇంటి యజమాని ఎంత గొప్పవాడైనా అతని గది వెడల్పును తేల్చింది మడచెట్టే. కప్పులన్నీ ఎప్పుడో కూలిపోయాయి, ఆ దుంగలూ లేవు. కానీ గోడకూ గోడకూ మధ్య దూరం కొలిస్తే, కూలిపోయిన దూలం పొడవు ఇప్పటికీ చెప్పొచ్చు.

ఇంటి వెనక భాగంలో ఒక గదికి తలుపే ఉండదు. పైన, కప్పుకు దగ్గరగా ఒక కన్నం ఉంటుంది. నిచ్చెన వేసుకుని అందులోంచి దిగాలి. విలువైన సరుకు దాచుకునే కొట్టు అది. నిచ్చెన తీసేస్తే అక్కడ గది ఉన్నట్టే తెలియదు. మరోవైపు కూర్చునే మరుగుదొడ్డి, పక్కనే కడుక్కోవడానికి నీళ్ల తొట్టి, మురుగు పోవడానికి గుంట. ఇంటి ముందు నేలను కాస్త లోతుగా చేసిన వాకిలి, చుట్టూ అరుగులు. గోడల్లో వరసగా చిన్న రంధ్రాలున్నాయి, తివాచీలు వేలాడదీసే మేకులవి. కొన్ని చోట్ల నేల కింద పాతిపెట్టిన కుండలు దొరికాయి. వాటిని ఫింగో అంటారు. ఇంటికి కాపలా కాసే జిన్ను ఆ కుండలో ఉంటుందని నమ్మకం. అయిదు పూటలా నమాజు చేసే ఇల్లే, అయినా కుండలో కాపలాదారుడు. ఈ కుండను కాస్త గుర్తుపెట్టుకోండి, ‘ఊరు ఎవరిది’ అన్నప్పుడు పనికొస్తుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ మనసు పెట్టి చదివింది పూసల సంగతి. జల్లెడ పడితే తప్ప చేతికందనంత చిన్నవి, ఆవగింజకు కాస్త పెద్దవి. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, నలుపు గాజు పూసలు గెడిలోనూ, ఆ తీరంలోని ప్రతి పాత ఊళ్లోనూ దొరుకుతాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. అవి ఎక్కడ పుట్టాయో ఎలా చెప్పడం?

గాజు అంటే కరిగిన ఇసుక. ఒట్టి ఇసుక కరగాలంటే భయంకరమైన వేడి కావాలి. సోడా కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది. ఆ సోడా ఎక్కణ్ణించి తెచ్చుకున్నారన్న దగ్గరే దేశదేశానికీ తేడా. పశ్చిమాసియాలో ఉప్పు నేలల్లో పెరిగే మొక్కల్ని కాల్చి ఆ బూడిద వాడారు. మొక్క బూడిదలో మెగ్నీషియం, పొటాషియం ఎక్కువ. మన దేశంలో చవుడు నేలల మీద తెల్లగా పొంగే సోడాను గీకి వాడారు. అవును, చాకళ్లు బట్టలు ఉడకబెట్టడానికి తెచ్చుకునే చవుడే. అందులో మెగ్నీషియం తక్కువ. దానికి తోడు మన ఇసుక గ్రానైటు కొండలు అరిగి వచ్చింది కాబట్టి అల్యూమినా ఎక్కువ. ఆ రెండూ కలిసిన గాజు మన ఉపఖండపు గాజు.

దీన్ని కనిపెట్టడానికి పూసను పగలగొట్టనక్కర్లేదు. లేజరు కిరణంతో కంటికి కనపడనంత చుక్కను ఆవిరి చేస్తారు. ఆ ఆవిరిని వేల డిగ్రీల వేడి మీద విద్యుదావేశం ఉన్న పరమాణువులుగా విడగొట్టి, బరువును బట్టి ఒక్కో మూలకాన్నీ లెక్కపెడతారు. యురేనియం, బేరియం, స్ట్రాన్షియం, జిర్కోనియం లాంటివి పది లక్షల్లో ఏ కొద్ది పాళ్లో ఉన్నా పట్టుబడతాయి. 2008లో లోర్ దుసుబ్యూ, చపురుఖ కుసింబా తదితరులు కెన్యా తీరపు పూసల్నీ మన దేశపు పూసల్నీ ఇలా పక్కపక్కన పెట్టి చూశారు. కెన్యా పూసలు కొన్ని మహారాష్ట్ర తీరంలోని చౌల్ అనే పాత రేవు పూసలతో ఈ చిన్న మూలకాల దాకా కలిశాయి. కుసింబా కెన్యావాడే. తన తీరపు చరిత్రను తన చేతులతో తవ్వుతున్న తరం మనిషి.

ఆ పూసలు ఎలా చేసేవాళ్లో మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మన తిరుపతి జిల్లా. రేణిగుంట, శ్రీకాళహస్తి ప్రాంతంలో పాపానాయుడుపేట అని ఊరుంది. అక్కడి పనివాళ్లు ఆ పాత పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం దాకా చేతిలో నిలుపుకున్నారు. గెడి పూసలు అక్కడివని నేననడం లేదు, పద్ధతి అదన్నాను. లాడ అనే పొడవాటి ఇనప గొట్టానికి కొలిమిలో కరిగిన గాజు ముద్దను పట్టిస్తారు. ముద్ద మధ్యలో బోలు ఉండేట్టు చూసి కొలిమి కంత ఎదుట పెడతారు. ఇవతల నిలబడిన మనిషి ఆ గాజును పట్టి లాగుతూ ఉంటే, అది సన్నటి గొట్టంగా సాగుతూ వస్తుంది. ముద్ద ఎంత సన్నగా సాగినా మధ్యలో బెజ్జం అలాగే ఉంటుంది. ఆ గొట్టాల్ని చిన్న ముక్కలుగా నరికి, బెజ్జాల్లో బూడిద నింపి, మళ్లీ వేడిచేస్తే పదును అంచులు గుండ్రబడతాయి. బూడిద ఉండబట్టి బెజ్జం మూసుకుపోదు. పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరి కొలుములు చూసి, పుదుచ్చేరి దగ్గరి అరికమేడు నాటి నుంచి హిందూ మహాసముద్రమంతా పరుచుకున్న పూసల రహస్యం ఇదేనని రాశాడు. ప్రయోగశాలల్లో తలలు పండినవాళ్లకు పాఠం చెప్పింది ఆ కొలిమి ముందు చెమటలు కక్కిన చేతులే. ఆ చేతులకు నేను దణ్ణం పెడతాను.

ఇంత బాగా బతికిన ఊరు ఎందుకు ఖాళీ అయింది? ఒక్క కారణం చెప్పమంటే నేను చెప్పను, ఎందుకంటే ఒక్కటి కాదు. పోర్చుగీసు ఓడలు వచ్చాక సముద్ర వర్తకం దారులు మారాయి. 1589లో జింబా అనే దండు తీరం వెంట ఊళ్లను కొల్లగొడుతూ వచ్చింది. 1593లో పోర్చుగీసువాళ్లు మొంబాసాలో జీసస్ కోట కట్టడం మొదలుపెట్టి అటు మకాం మార్చేశారు, మాలింది షేకు కూడా అటే వెళ్లాడు. ఉత్తరం నుంచి ఒరోమో పశుపాలకులు తరలివచ్చారు. గెడివాళ్లు 16వ శతాబ్దంలోనే లోపల మరో గోడ కట్టుకుని ఊరిని చిన్నది చేసుకున్నారు. భయపడ్డ ఊరు చేసే పని అది.

దీనికి తోడు బావి. పెద్ద మసీదు పక్క బావిని మొదట తవ్విన లోతు చాలక, తర్వాత ఇంకా కిందికి తవ్విన ఆనవాళ్లున్నాయి. పగడపు నేలలో ఇది చిన్న విషయం కాదు. వాన నీరు ఆ రాతి గూళ్లలోంచి ఇంకి, అడుగున ఉన్న సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు లీటరు వెయ్యి గ్రాములైతే సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు. తేడా 25, అంటే నలభయ్యో వంతు. ఈ తేడా వల్లే, సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే దాని కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అదే లెక్కను తిరగేయండి. వానలు తగ్గో, ఎక్కువ తోడో పై మట్టం ఒక అడుగు దిగితే, కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. కోనసీమలో బోరు నీళ్లు ఉప్పెక్కాయని బాధపడేవాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. గెడి ఖాళీ కావడంలో నీటి కరువుకు పెద్ద వాటా ఉందని నమ్మే పరిశోధకులు చాలామంది ఉన్నారు. శత్రువు వస్తే గోడ కట్టుకోవచ్చు, బావిలో నీళ్లు పోతే ఏ గోడ కాపాడుతుంది?

ఇక అసలు సంగతి. కిర్క్‌మన్ 1954లో తన పుస్తకం వేస్తూ గెడిని ‘అరబ్బు నగరం’ అని పేరులోనే రాసేశాడు. మసీదులున్నాయి, అరబీ రాతలున్నాయి, పర్షియా గిన్నెలున్నాయి, రాతి కట్టడాలున్నాయి. కాబట్టి ఎక్కణ్ణించో వచ్చినవాళ్లే కట్టి ఉంటారన్నది ఆనాటి తెల్లవాళ్ల నమ్మకం. ఆఫ్రికావాళ్లు రాతి ఊళ్లు కట్టగలరని ఒప్పుకోవడానికి ఆ పాలకులకు మనసు రాలేదు. గ్రేట్ జింబాబ్వే రాతి నగరం విషయంలోనూ ఇదే జరిగింది. కిర్క్‌మన్ పని శ్రద్ధ గల పని, అతని పెంకుల లెక్కలు ఇవాళ్టికీ పనికొస్తున్నాయి. కానీ తను తవ్వి తీసినదే తన మాటకు ఎదురు చెబుతోందని అతను గట్టిగా వినలేదు.

ఎదురు చెప్పినవాటిలో మొదటిది పెద్ద మసీదు వాకిలి. దాని కమాను పక్కన వెడల్పాటి ఆఫ్రికా బల్లెపు ములుకు చెక్కి ఉంది. రెండోది సమాధులు. కొన్ని సమాధుల మీద నిటారుగా రాతి స్తంభం లేపి ఉంటుంది. ఇది అరేబియా ఆచారం కాదు, తూర్పు ఆఫ్రికా తీరపు స్వాహిలీ జనం సొంతం. మూడోది ఫింగో కుండలు. అన్నిటికన్నా బరువైనది వంటింటి సాక్ష్యం. మ్యూజియం అద్దాల్లో పెట్టేది చైనా పింగాణీనే గానీ, తవ్వకంలో బుట్టల కొద్దీ వచ్చేది ఆ చుట్టుపక్కల మట్టితో, ఆ చుట్టుపక్కల మనుషులు చేసిన వంటకుండల పెంకులు. దిగుమతి సరుకు అందులో చాలా కొద్ది. ఊరివాళ్ల అన్నం ఉడికింది స్థానిక కుండలో, స్థానిక పద్ధతిలో. 1999 తర్వాత ఫ్రెంచి పరిశోధకుడు స్తెఫాన్ ప్రాదీన్ మళ్లీ తవ్వి, రాతి ఊరు ఒక్కసారి వచ్చి దిగింది కాదని, అంతకు ముందున్న ఊరి మీదే మెల్లగా పెరిగిందని చూపించాడు.

ఇంకో సాక్షి ఎముక. 2023లో నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఆ తీరంలోనూ కాస్త లోపలా ఉన్న పాత ఊళ్లలో సమాధి అయిన 80 మంది ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీసి చదివారు. వాటిలో గెడి ఎముకలు లేవు గానీ, గెడికీ మొంబాసాకీ మధ్యనున్న మ్‌త్వాపా ఉంది, మండా ఉంది, టాంజానియాలోని కిల్వా, సోంగో మ్నారా ఉన్నాయి. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ దాదాపు అంతా ఆఫ్రికాది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోములో ఎక్కువ భాగం పశ్చిమాసియాది, ముఖ్యంగా పర్షియాది. కొంత మన దేశపు వారసత్వం కూడా కలిసింది. ఈ కలయిక క్రీ.శ. 1000 ప్రాంతంలో మొదలైంది. తమ పూర్వులు పర్షియాలోని షీరాజ్ నుంచి ఓడల్లో వచ్చారని స్వాహిలీ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకునేవి. దాన్ని గొప్ప కోసం అల్లిన కథగా కొట్టిపారేసిన చరిత్రకారులున్నారు. డీఎన్‌ఏ వాళ్ల మాట నిలబెట్టింది. అదే సమయంలో ‘అరబ్బు నగరం’ అన్న మాటను పక్కకు పెట్టింది. ఓడ దిగిన వర్తకుడు అల్లుడుగా వచ్చాడు. ఊరు, పొలం, కుండ, భాష అత్తవారివి. స్వాహిలీ ఈనాటికీ బంటూ కుటుంబపు భాషే, అరబీ మాటలు ఎన్ని కలిసినా సరే.

2024లో యునెస్కో గెడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కిర్క్‌మన్ పేర్లు పెట్టిన ఇళ్లన్నీ రాతివి. కానీ ఊళ్లో ఎక్కువమంది ఉన్నది రాతి ఇళ్లలో కాదు, రెండు గోడల మధ్య మట్టి గోడలూ ఆకుల కప్పులూ ఉన్న ఇళ్లలో. అవి కూలి నేలలో కలిసిపోయాయి, కాబట్టి తొలినాళ్ల తవ్వకం వాటి మీద నుంచి నడిచి వెళ్లిపోయింది. ఇప్పుడు వాటినీ చదవొచ్చు. గుంజ పాతిన చోట మట్టి రంగు వేరుగా ఉంటుంది. పశువుల్ని కట్టేసిన చోట నేలలో ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటుంది. జొన్న, వరి లాంటి గడ్డిజాతి మొక్కల ఆకుల్లో ఇసుక గింజల్లాంటి సిలికా కణాలుంటాయి, ఆకు కుళ్లినా అవి కుళ్లవు, ఒక్కో మొక్కది ఒక్కో ఆకారం. సోంగో మ్నారాలో జెఫ్రీ ఫ్లైషర్, స్టెఫనీ విన్-జోన్స్ బృందం ఈ పద్ధతులతోనే మట్టి ఇళ్లనూ, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాలనూ వెతికి పట్టుకున్నారు. గెడి 45 ఎకరాల్లో తవ్వని నేల ఇంకా చాలా ఉంది. ఆ మట్టి ఇళ్ల పొయ్యిల దగ్గర ఏ గింజ ఉడికిందో, ఏ పూస తెగి పడిందో జల్లెడ పట్టాల్సిన పని ముందుంది.